మన ఊరికి బ్లాక్ టైమ్ ఎంత?



మా హాస్టల్ రూమ్‌లో నలుగురం. పెదబయలు, ముంచింగిపుట్టు, హుకుంపేట, జి.మాడుగుల మండలాల నుంచి వచ్చి విశాఖలో డిగ్రీ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. విమానం ఎవ్వరం ఎక్కలేదు. కానీ రోజూ తల మీద నుంచే పోతుంటే ఓ రోజు కూర్చొని లెక్క కట్టాం.

విశాఖ విమానాశ్రయం నుంచి గన్నవరంలో ఉన్న విజయవాడ విమానాశ్రయానికి గీత గీసినట్టు కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. రైలు పట్టాల మీద 350. టికెట్‌లో చూపించే ప్రయాణం దాదాపు గంట. ఏటీఆర్ లాంటి చిన్న విమానమైనా పైకెళ్లాక గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన 35 నిమిషాల్లో దిగిపోవాలి. మిగతా టైమ్ ఎటు పోయింది?

వెతికితే తెలిసింది. టికెట్‌లో ఉండేది గాల్లో ఎగిరే టైమ్ ఒక్కటే కాదు. నిలిపిన చోట నుంచి విమానం కదిలిన క్షణం మొదలు, అవతల మళ్లీ ఆగేదాకా మొత్తం లెక్కే. రన్‌వే దాకా మెల్లగా నడవడం, పైకెక్కడం, వేగం తగ్గించి దిగడం అన్నీ అందులోనే. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద పెట్టే దిమ్మలు తీసిన దగ్గర నుంచి మళ్లీ పెట్టేదాకా అన్నమాట.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. అదే విమానాశ్రయం నుంచి పాడేరుకు గీత గీస్తే 70 కిలోమీటర్లు. విజయవాడ దూరంలో నాలుగో వంతు. కానీ చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కే బస్సుకు దారి సుమారు 110, టైమ్ నాలుగు గంటలు. నాలుగో వంతు దూరం, నాలుగు రెట్ల టైమ్! పాడేరుతో అయిపోతుందా? అక్కడ ఇంకో బస్సు కోసం కాచుకోవాలి, తర్వాత జీపు నిండాలి, మాలో ఒకడికైతే చివర ఆరు కిలోమీటర్లు నడక. పొద్దున్నే బయల్దేరినా ఇల్లు చేరేసరికి చీకటే.

మొన్న వాడి నాయనమ్మ చనిపోయింది. సెలవు అడిగితే, "110 కిలోమీటర్లేగా, రెండు రోజులు చాలు" అన్నారు. వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. మరి ఏడవడానికి ఏ రోజు?

అందుకే మేం నలుగురం ఒక కాగితం రాసి ఇచ్చాం. హాస్టల్ గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా ఏ మజిలీకి ఎంత టైమ్, ఎంత కాచుకోవాలి, ఎంత నడవాలి, వానాకాలంలో వాగు దాటేచోట ఇంకెంత, అన్నీ వరసగా రాశాం. దయ చూపమని ఎక్కడా రాయలేదు. విమానానికి ఎలా లెక్క కడతారో మాకూ అలాగే కట్టమన్నాం. జవాబు ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

ఇది సెలవులతో ఆగేది కాదు. 108 బండి రోడ్డున్నంత వరకే వస్తుంది, ఆ పైన డోలీయే. ఆస్పత్రి ఇన్ని కిలోమీటర్లు అని రాసుకున్న కాగితంలో డోలీ మోసిన గంటలు కనపడవు.

మీరు కూడా మీ ఊరి లెక్క ఇలాగే రాసి పెట్టండి. ఎవరైనా ఎంత దూరం అని అడిగితే కిలోమీటర్లు చెప్పి ఊరుకోకండి. గుమ్మం నుంచి గుమ్మానికి గంటలు చెప్పండి.