డ్రిల్లు మాస్టారి పెట్టెకి బేరం

"నాన్న పెట్టె ఏటి సెయ్యమంతావమ్మా? పాత పేపర్లాయన గుమ్మంలో కూకున్నాడు. కిలో లెక్కన అట్టుకుపోతానంతన్నాడు. ఇచ్చేద్దుమా, ఒగ్గేద్దుమా?" అని మా బావ శ్రీకాకుళం నించి ఫోన్ చేశాడు. న్యూజెర్సీలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. నిద్ర ఎగిరిపోయింది, ఒళ్ళు మండింది. ఇది రాస్తున్న ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు.

"దణ్ణం పెడతాను బావా, ఆ పెట్టె మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు" అన్నాను.

"మరైతే నువ్వే సెప్పు. ఇలాటి కార్డులకి అమెరికాలో కోట్లిస్తన్నారని ఫోన్లో వచ్చింది. ఎలా అమ్మితే మంచిదో సెప్తే అలాగే అమ్ముదుం. వచ్చే నెల్లో ఇల్లు కాళీ సెయ్యాల."

అయితే కోట్లు, లేకపోతే కిలోలు. ఈ రెంటి మధ్య ఇంకో లెక్క ఉంటుందని మన ఇళ్ళల్లో ఎవరికీ ఎందుకు తట్టదు?

కాగితం కనబడేసరికి మనవాళ్ళ చూపు తక్కెడ మీదికే పోతుంది. మా ఇంట్లో చందమామలు అలాగే పోయాయి. తాతయ్య తన చేత్తో రాసుకున్న పద్దు పుస్తకాలు, అన్నయ్య గోడకి అతికించుకుని ఊడదీసి దాచుకున్న స్పోర్ట్‌స్టార్ మధ్యపేజీ బొమ్మలు, అన్నీ తూకానికే. తూకానికి పనికిరావని పక్కన పెట్టినవి భోగిమంటలోకి. నేను విజయనగరంలో పుట్టాను. గురజాడ వారి ఇంటిని అపురూపంగా నిలబెట్టుకున్న ఊరు మాది. ఒక మనిషి వాడిన కళ్ళజోడుకీ కుర్చీకీ కూడా ఊరు విలువ ఇవ్వగలదని చిన్నప్పుడే తెలుసు. మన సొంత అటక దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిలో లెక్కే.

మా పెద్ద మావయ్య హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన సంవత్సరీకం మొన్ననే అయింది. ఆయన పెట్టె రేకు ట్రంకు. 2018లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన రోజున పెంకులు లేచిపోయి ఇల్లంతా నీళ్ళయితే, ఆయన బియ్యం బస్తా వదిలేసి ఈ పెట్టెని ఎత్తి బీరువా మీద పెట్టాడని అత్త ఇప్పటికీ నిష్ఠూరంగా చెబుతుంది. అందులో ఏముంటాయో నాకు కంఠతా వచ్చు. అడుగున మావయ్య నాన్నగారి సిగరెట్ కార్డులు. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో గుమాస్తా. దొరలు పారేసిన ప్లేయర్స్ సిగరెట్ పెట్టెల్లోంచి, వాళ్ళ పిల్లలు వదిలేసి వెళ్ళిన ఆల్బముల్లోంచి ఏరుకున్నవి. వాటి మీద తొంభైల నాటి బిగ్ ఫన్ బబుల్‌గమ్ కార్డులు, కట్టలు కట్టలు. ఆపైన మల్లయోధుడు వీరఘట్టం కోడి రామ్మూర్తి గారి పాత ఫోటో కాపీలు, కరణం మల్లీశ్వరి మీద వచ్చిన పేపరు కత్తిరింపులు.

ఇక్కడి సంగతి చెప్పాలంటే, కాగితాన్ని వీళ్ళు దాచుకునే తీరు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. శనివారాలు ఏదో ఒక ఊళ్ళో కార్డుల సంత జరుగుతూనే ఉంటుంది. డెబ్భై ఏళ్ళ తాతలు మనవళ్ళని వెంటబెట్టుకుని వచ్చి, ఒక్కో కార్డుకి పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసి, దాన్ని గట్టి తొడుగులో పెట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా చేతికిస్తారు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకి వేలంలో పోయింది. మా బావ ఫోన్లో చూసిన కోట్లు అవే.

కానీ ఆ ధర ఎందుకొచ్చిందో కూడా బావకి చెప్పాను. ఆ కాలపు అమెరికా అమ్మలు కూడా పిల్లలు కాలేజీకి వెళ్ళగానే కార్డుల డబ్బాలు చెత్తలో పారేసినవాళ్ళే. ఆ 1952 కార్డులని రూపొందించిన సై బెర్గరే, అమ్ముడుపోని సరుకుని 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని చెప్పుకున్నాడు. అందరూ పారేశారు గనకే మిగిలిన కాసినికి ఆ ధర. కాబట్టి మన అమ్మల్ని ఎవరైనా తక్కువ చేస్తే నేను ఊరుకోను. రెండు గదుల ఇంట్లో పదిమందికి వండిపెడుతూ, ఒకే ఒక్క అటకలో ఆవకాయ జాడీలు, ధాన్యం డబ్బాలు, పురుటి సామాను సర్దుకున్న మనిషి బొమ్మల కాగితాలకి ఎక్కడ చోటిస్తుంది? నా కోపం అమ్మల మీద కాదు. మూడు పడకగదుల ఫ్లాటు విశాఖలో కొనుక్కుని కూడా కిలో ధర అడిగే మా తరం మీద.

ఇక అమ్మకం. ఇక్కడ పాత కార్డుల గుట్ట చేతికొచ్చినవాళ్ళకి మూడు దారులుంటాయి. మొత్తం గుట్టని ఒక వర్తకుడికి ఒకేసారి ఇచ్చెయ్యడం మొదటిది. డబ్బు అప్పటికప్పుడు చేతిలో పడుతుంది, అసలు విలువలో సగం దక్కితే అదృష్టం. అతను మళ్ళీ అమ్ముకుని బతకాలి గనక అందులో మోసం లేదు. రెండోది ఈబేలో ఒక్కోటీ పెట్టి అమ్ముకోవడం. ధర బాగా వస్తుంది గానీ ఫోటోలు, ప్యాకింగు, తపాలా, వెనక్కి పంపేవాళ్ళతో తగువులు. మూడోది వేలం సంస్థకి అప్పగించడం. పెద్ద సరుకైతేనే వాళ్ళు చెయ్యి పెడతారు.

ఏ దారిన వెళ్ళినా ముందు గ్రేడింగ్ అనే గండం. పీఎస్‌ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలకి కార్డు పంపితే మూలలు, అంచులు, బొమ్మ సరిగ్గా నడిమధ్యన ఉందా లేదా, పైన గీతలున్నాయా అని చూసి 1 నించి 10 దాకా మార్కులేసి ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. ప్రతి కార్డుకీ విడిగా రుసుము. ఐదు డాలర్ల కార్డుకి ఇరవై డాలర్లు పోసి మార్కులు వేయించుకున్నవాళ్ళని చూశాను. ముందు అదే కార్డు నిజంగా ఎంతకి అమ్ముడైందో చూడాలి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు, ఇచ్చిన ధరే ధర.

పాతదైతే చాలు ఖరీదైపోతుందనుకోవడం కూడా మన భ్రమే. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు 2022లో 72 లక్షల డాలర్లకి పైగా పలికింది, బయటికి వచ్చినవే కొద్ది గనక. మావయ్య పెట్టెలో ఉన్న ప్లేయర్స్ క్రికెట్ కార్డులు ఇంగ్లండులో లెక్కకి మిక్కిలిగా అచ్చయ్యాయి. పైగా ఆ జనం వాటిని పెన్నీ ఖరీదు ఆల్బముల్లో అతికించి పదిలంగా దాచుకున్నారు. యాభై కార్డుల నిండు సెట్టుకి కూడా అక్కడ పదుల పౌండ్లే. బావ గొంతు అక్కడ కాస్త దిగిపోయింది. "మరి అరుదైనయి కావేటి?" అన్నాడు. అరుదు వేరు బావా, అడిగేవాడుండటం వేరు. బబుల్‌గమ్ కార్డులు ఇప్పుడు మన దగ్గర ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయి? దొరకనే దొరకవు. అయినా అడిగేవాడేడీ?

ఇక్కడే నాకు అమెరికాతో పోలిక తెగిపోతుంది. మూలలు అరిగాయా లేదా అని భూతద్దం పెట్టి చూసే కళ్ళకి ఆ బబుల్‌గమ్ కార్డులు చూపిస్తే ఒక్క మార్కు కూడా వెయ్యరు. ఒక్కో కార్డు వెనక పరుగులో వికెట్లో అచ్చయి ఉండేవి. నాలుగు, ఆరు దొరికినవాడు ఆ పూట మారాజు. క్లాసులో బెంచీల కింద మార్పిడి జోరుగా సాగేది. డ్రిల్లు పీరియడులో జేబులు ఉబ్బెత్తుగా కనిపిస్తే మావయ్య లాగేసుకునేవాడు. లాగేసుకుని, ఎవడిదో మరిచిపోకుండా కార్డు మీద పెన్సిల్‌తో రాసేవాడు: 7 బి, 23. 8 ఎ, 41. పరీక్షలయ్యాక వచ్చి తీసుకోండిరా అనేవాడు. చాలామంది భయపడి రాలేదు. కొందరు ఏడాది మధ్యలోనే బడి మానేసి పనుల్లోకి పోయారు. ఆ కార్డులు కూడా ఆయన పారెయ్యలేదు. నేను వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తరగతుల వారీగా సర్దుకుంటూ, "ఈ గుంటడు ఖోఖోలో గాలిలా పరిగెట్టేవోడమ్మా" అని ఒక్కొక్కడి గురించీ చెప్పేవాడు. కార్డు మీద పెన్సిల్ గీత పడితే ఇక్కడి బజారులో అది మచ్చ. మాకు ఆ పెట్టెలోకెల్లా విలువైనవి ఆ అంకెలే.

సిగరెట్ కార్డుల కథ ఇంకోటి. ప్లేయర్స్ వాళ్ళు క్రికెటర్ల సెట్లు వేసిన 1930, 1934, 1938 మూడూ ఆస్ట్రేలియా వాళ్ళు ఇంగ్లండు వచ్చిన ఏళ్ళే. మధ్యలో 1936లో వెళ్ళింది మనవాళ్ళు, మా విజయనగరం మహారాజకుమార్ విజ్జీ కెప్టెన్సీలో. ఆ మూడింటిలో ఆ ఏడాది లేదు. విజ్జీ పేరెత్తగానే క్రికెట్ తెలిసిన స్నేహితులు ఇక్కడ కూడా మొదలెడతారు: మూడు టెస్టుల్లో 33 పరుగులు, రెండు ఓటములు, లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపడం. అన్నీ నిజమే, కాదనను. అమర్‌నాథ్ విషయంలో జరిగింది అన్యాయమే. కానీ 1930-31లో జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ తన ఖర్చుతో రప్పించి దేశమంతా ఆడించింది కూడా ఆయనే. మన కుర్రాళ్ళు ప్రపంచంలోకెల్లా గొప్ప ఓపెనింగ్ జోడీని పక్కనుండి చూశారంటే ఆ చలవ విజయనగరానిది. మా ఊళ్ళో విజ్జీ స్టేడియం పక్కన నడిచి బడికెళ్ళినదాన్ని, ఈ మాట గట్టిగానే చెబుతాను.

మావయ్య పెట్టెలో 1930 సెట్టువి విడి కార్డులు కొన్నే ఉన్నాయి. వాటిలో హాబ్స్ ఉన్నాడు, సట్‌క్లిఫ్ ఉన్నాడు. లండన్లో వాటికి వచ్చేది ఒక పూట భోజనం ఖర్చు. విజయనగరంలో అవి విజ్జీ ఇంటికి వచ్చిన అతిథుల బొమ్మలు. ఆ రెండూ అమ్మకానికి లేవని బావతో తేల్చి చెప్పేశాను.

1934, 1938 సెట్లు మాత్రం అమ్ముతాం, ఇంగ్లండు కొనుగోలుదార్లకే, విడగొట్టకుండా. బ్రాడ్‌మన్‌ని విడిగా అడిగేవాళ్ళు వస్తారు. అతన్ని ఇచ్చేస్తే మిగతా నలభై తొమ్మిదీ దిక్కులేనివైపోతాయి. 1938వాటికి వెనక జిగురు పూసే వచ్చేది. మన సముద్రపు తేమకి కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయట. ఆవిరి పట్టి ఊడదీద్దుమా అన్నాడు బావ. వద్దు, ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి చూపించి, అంటుకున్నాయని రాసే అమ్ముదాం. రబ్బరు బ్యాండ్లు తీసెయ్యమన్నాను, అంచుల్ని కొరికేస్తాయి.

బబుల్‌గమ్ కార్డులు ఎవరివి వాళ్ళకే. ఇప్పుడు ప్రతి బడికీ పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నాయి. తరగతి, రోల్ నంబరు చేతిలో ఉండగా మనుషుల్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఇది విని బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "7 బి లో 23 నా స్నేహితుడే, పొందూరులో ఉన్నాడు" అన్నాడు.

మల్లీశ్వరి కత్తిరింపుల దగ్గరే మా ఇద్దరికీ కుదరడం లేదు. 2000 సెప్టెంబర్ 19న ఆమదాలవలస పిల్ల సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లా తలెత్తుకుని చెప్పుకోవలసిన కిలో లెక్క నాకు తెలిసి అదొక్కటే. మరునాడు పొద్దున వచ్చిన పేపర్లన్నీ మావయ్య కొన్నాడు. ఇంగ్లీషువి, తెలుగువి, ఒడియావి కూడా. ఆ కత్తిరింపులూ రామ్మూర్తి గారి ఫోటోలూ శ్రీకాకుళంలో ఆయన పేరు మీదే ఉన్న స్టేడియంలో, ఆటలు నేర్చుకునే పిల్లలకి కనబడేలా అద్దాల్లో పెట్టించాలని నా పట్టుదల. "అక్కడెవరు సూస్తారమ్మా, చెదలు తినేస్తాయి, నా దగ్గరే ఉంచుకుంతాను" అంటాడు బావ. చెదల మాట కొట్టిపారెయ్యలేను. ముందు అన్నిటికీ రెండు వైపులా ఫోటోలు తీసి పంపమన్నాను, పెన్సిల్ అంకెలు కనబడేలా, 7 బి కట్టతో మొదలుపెట్టి. అద్దాల సంగతి సంక్రాంతికి నేను వచ్చాక అత్త ముందర కూర్చుని తేల్చుకుంటాం.