డ్రాగన్ ఎముకల కొండపై ఒక రోజు

చైనా రాజధాని బీజింగ్‌కు నైరుతి దిక్కున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో జౌకౌదియన్ ఉంది. ఉదయమే బయలుదేరి మేము అక్కడికి చేరాము. ఎదురుగా సున్నపురాయి కొండ. దాని పేరు 'డ్రాగన్ ఎముకల కొండ'. పూర్వం చైనాలో భూమిలో దొరికే పాత ఎముకలను డ్రాగన్ ఎముకలని నమ్మి, నూరి మందులలో వాడేవారు.

గుహ పైకప్పు ఏనాడో కూలిపోయింది. 2018లో దానికి రక్షణగా ఉక్కుతో పెద్ద కప్పు వేశారు. 1929 డిసెంబరు 2న, గడ్డకట్టే చలిలో, పెయ్ వెన్‌జోంగ్ అనే పాతికేళ్ళ యువకునికి కొవ్వొత్తి వెలుగులో ఇక్కడే ఒక పుర్రె కనబడింది. అదే లోకమంతా విన్న 'పెకింగ్ మానవుడు'. తరువాతి తవ్వకాలలో సుమారు 40 మంది అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని 7 లక్షల ఏళ్ళకు పైబడినవని శాస్త్రజ్ఞుల అంచనా.

మ్యూజియంలో రాతి పనిముట్లు, దుప్పి కొమ్ములు, హైనా ఎముకలు చూసి, పుర్రెల దగ్గర ఆగిపోయాము. అవి అసలువి కావు, నకళ్ళు! 1941లో యుద్ధభయంతో ఎముకలను అమెరికా పంపాలని రెండు పెట్టెలలో సర్దారు. డిసెంబరులో జపాన్‌తో అమెరికాకు యుద్ధం మొదలైంది. ఆ గందరగోళంలో పెట్టెలు మాయమయ్యాయి. నేటికీ దొరకలేదు.

అయితే అంతా పోయిందా? లేదు. వైడెన్‌రైక్ అనే జర్మన్ పండితుడు అంతకుముందే ఎముకలను ఓపికగా కొలిపించి, బొమ్మలు గీయించి, అచ్చులు పోయించాడు. 1966లో, అదే పెయ్ వెన్‌జోంగ్ 62 ఏళ్ళ వయస్సులో మళ్ళీ తవ్వించగా రెండు పుర్రె ముక్కలు దొరికాయి. ఒకటి నుదురు, ఒకటి తల వెనుక భాగం. 1930లలో దొరికి, పోయిన ముక్కల అచ్చుల పక్కన పెట్టి చూస్తే అవి చక్కగా అతికాయి. అన్నీ ఒకే మనిషి పుర్రెవి!

తిరుగు ప్రయాణంలో మాలో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున తాతగారి ఉత్తరాలు, అమ్మమ్మ పెళ్ళి ఫొటో చెదలు పట్టిపోతున్నాయి కదా! ఇంటికి రాగానే మేము చేసిన మొదటి పని, వాటిని తీసి నకళ్ళు చేయించడం. మీరూ ఈ వారమే ఆ పెట్టె తెరవండి.