ఇటుకల రాశి

రాయపూరులో ఒక ఇంట గోతామెడు పాత లెగో ఇటుకలు దుప్పటిపై పోసి ఉన్నవి. కడిగినవాటిని నీడనే ఆరబెట్టాలి. వైశాఖపు ఎండకు తెల్లనివి పసుపెక్కుతాయి. ఇంటి పెద్ద మొదట రంగులవారీగా వేరుచేయబోయాడు. వృథాశ్రమ! ఎర్రని కుప్పలో ఎర్రని చిన్నముక్కను కన్ను పట్టుకోలేదు. ఆకారాన్ని బట్టి విడదీస్తే రంగు దానంతటదే కనబడుతుంది. 1958లో డెన్మార్కులో పేటెంటు కోరిన ఆ పొందికే నేటికీ నిలిచింది. అడుగున తరచు సన్నని అంకె ఉంటుంది. నాలుగేసి బొడిపెలు రెండు వరుసలున్న ఇటుకది 3001. భూతద్దమూ ఓపికా కావాలి.

ఇంతలో సగం కట్టిన ఇల్లొకటి బయటపడింది: తలుపు లేదు. ఊడదీస్తేగాని పదకొండు ముక్కలు లెక్కకు రావు. కట్టిన పసివాడు తలుపు వద్దనుకున్నాడో, దొరకక మానుకున్నాడో! పెద్దాయన దానిని అలమరలో పెట్టి, పట్టికలో ఆ గడులు ఖాళీగా వదిలాడు.