సున్నా చుట్టిన స్వరం

మా అమ్మాయి పియానో థియరీ పుస్తకం తెరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. కలిసి మోగే స్వరాల గుంపు కార్డు. అందులో ఇమడని స్వరం చుట్టూ సున్నా చుట్టాలట. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన స్వరాల కింద రోమన్ అంకెలు వేస్తే పాఠం అయిపోయినట్టే. మిషిగన్‌లోని మా ట్రాయ్‌లో మన పిల్లలు చాలామందికి ఇదే చదువు. వారం మధ్యలో పియానో, వారాంతంలో కర్ణాటక సంగీతం. రెండు క్లాసులకూ మోసుకెళ్లే చెవి మాత్రం ఒక్కటే.

పాసింగ్ టోన్‌కు సున్నా చుడితే చుట్టుకోండి, దారిలో తగిలి వెళ్లిపోయేదే కదా. సస్పెన్షన్ జోలికి మాత్రం రావద్దు. అది ముందు కార్డులో హాయిగా ఉన్న స్వరమే. కింద కార్డు మారిపోతుంది, ఇది కదలదు, ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి కూడా బలమైన దెబ్బ మీదే. ఆ తర్వాత ఒక మెట్టు దిగి ఒదుగుతుంది. ఆ ఒరిపిడి ఏం చేయగలదో స్వరకర్త పెర్గొలేసి దగ్గర వినాలి. ఆయన 26 ఏళ్లకే పోయాడు. చనిపోయిన ఏడాదే, 1736లో, సిలువ కింద నిలబడ్డ తల్లి దుఃఖాన్ని ‘స్టాబాట్ మాటర్’గా కట్టాడు. దాని మొదలు వినండి. ఒక గొంతు నిలబడి ఉంటుంది, రెండోది పక్క స్వరం మీదికొచ్చి రాసుకుంటుంది, మొదటిది దిగుతుంది, అంతలో మళ్లీ ఒరిపిడి. సున్నా చుట్టిన స్వరాలన్నీ తీసేసి వాయించండి. కార్డులన్నీ సరిగ్గానే ఉంటాయి. ఏడుపే ఉండదు.

మనకు కార్డులు లేకపోవచ్చు. కానీ మేళంలో లేని స్వరమే రాగానికి ప్రాణమైన సందర్భాలు ఎన్ని! భైరవి 20వ మేళమైన నఠభైరవి జన్యం. ఆ మేళంలో ఉన్నది శుద్ధ ధైవతం. భైరవి దిగేటప్పుడు దాన్నే పట్టుకుంటుంది, ఎక్కేటప్పుడు మాత్రం చతుశ్రుతి ధైవతం కావాలంటుంది. ఆ అన్యస్వరం లేకపోతే భైరవి ఎక్కడిది? కాంభోజిలో కాకలి నిషాదం, బిలహరిలో కైశికి నిషాదం కూడా అంతే. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణం ‘విరిబోణి’ ఒంటబట్టిన పిల్లను ఆ చతుశ్రుతి ధైవతం చుట్టూ సున్నా చుట్టమనండి, చూద్దాం!

భైరవి అనుకుంటే చాలు, నాకు కీబోర్డు మీద కోపం వస్తుంది. ఇక్కడ ఒక సభలో కీబోర్డు మీద భైరవి విన్నాను. రెండు ధైవతాలూ ఉన్నాయి, మీట మీట సరిగ్గానే పడింది. గాంధారం మాత్రం కొయ్యబారిపోయింది, నిషాదం ఊగలేదు. భైరవికి జారే వేలు కావాలి, వయొలిన్ కావాలి. ఇంకా చెప్పాలంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కావాలి. ఆయన 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడిగా చేరి, 1936లో దానికే ప్రిన్సిపాలయ్యారు. చూపు మందం, చెవి మాత్రం అపారం. 1952లో మన దేశం వచ్చిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనుహిన్, మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో ఆయన వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. ఆ గదిలో నేనుంటే నాయుడు గారిని భైరవే అడిగేవాణ్ణి, అదీ తొందరలేకుండా, ఒక పూటంతా.