చిల్లర

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఫుట్‌పాత్‌పై పడుకునేవారికి డబ్బులివ్వొద్దు, తాగేస్తారు, అన్నం పొట్లం ఇస్తే చాలు అంటారు మా మిత్రులు. మనిషికి అన్నం ఒక్కటే అవసరమా? మరుగుదొడ్డికి, స్నానానికి, తలనొప్పి మాత్రకు చిల్లర కావాలి. పొట్లం చూపిస్తే అవి రావు.

ఇస్తే అడుక్కోవడం అలవాటవుతుందని మరో మాట. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, అడుక్కునేవారిని జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2021లో సుప్రీంకోర్టు మాత్రం అలాంటి నిషేధం విధించడానికి ఒప్పుకోలేదు. గతిలేకే చెయ్యి చాస్తారంది.

తాగేవాళ్ళు లేరని నేననను. మిత్రులారా, కాస్మెటిక్ ఛార్జీలు చేతికొచ్చినప్పుడు మనం సబ్బు కొన్నామా, మిరపకాయ బజ్జీలు తిన్నామా అని వార్డెన్ సారు ఎన్నడైనా లెక్క అడిగారా? (బజ్జీలే ఎక్కువ!) నా జేబులో పది రూపాయలుంటే ఇచ్చేస్తాను. లేని రోజు, లేదని ముఖం చూసే చెబుతాను.