చుక్క రాలిన చోటు

మన భాషలో చుక్కలకు తీరిక తక్కువ. కొత్త దంపతులకు అరుంధతి కనిపించాలి, రైతుకు వేగుచుక్క పొడవాలి, రాజ్యానికి కీడు మూడితే తోకచుక్క రావాలి. ఇక రాలే చుక్క ఒకటి ఉంది. అది రాలితే ఎక్కడో ఎవరో పోయినట్టేనని మా అమ్మమ్మ అనేది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళూ ఆ మాట అనే ఉంటారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనక, ‘ఉల్క’ అనే మాటకు సంస్కృతంలో కొరివి అనే అర్థం కూడా ఉందని నేను ఏటా క్లాసులో చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాని అర్ధరాత్రి వేళ కారు నడుపుతున్నవాడి మనసులో ఆ పాత నమ్మకం లేచి కూర్చుంటే ఏమవుతుందో ఆమధ్య మాఘమాసంలో చూశాను.

పార్వతీపురంలో బంధువుల ఇంట పెళ్ళి. భోజనాలయి, బాడుగ కారులో విజయనగరం బయలుదేరేసరికి రాత్రి పది దాటింది. మా ఆవిడ వెనక సీట్లో కునుకు తీస్తోంది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. పాతికేళ్ళ కుర్రాడు, నెమ్మదస్తుడు. బొబ్బిలి దాటి కొంతదూరం వచ్చామో లేదో, ఎడమచేతివైపు ఆకాశం భగ్గుమంది. రోడ్డు మీద చెట్ల నీడలు గిర్రున తిరిగాయి. ఆకుపచ్చ తిరిగిన తెల్లని ముద్ద ఒకటి ఏటవాలుగా జారి, చివర ఎర్రని రవ్వలు రాల్చి, తాటితోపు తలల మీద ఆరిపోయింది. అంతా కలిపి నాలుగు సెకన్లు ఉంటుందేమో. చప్పుడు లేదు.

“సుక్క రాలిపోనాది బాబూ! ఆ తోపు ఎనకాలే పడిపోనాది,” అన్నాడు కుర్రాడు.

ఆ తరవాత మాట లేదు. కారు వేగం మాత్రం పెరిగింది. అరవై దగ్గరున్న ముల్లు తొంభై దాటింది. ఎదురుగా లారీలు, రోడ్డు పక్కన పశువులు. “ఏమిటి నాయనా?” అంటే, “మా అయ్య విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్నాడండి. నిన్ననే ఆపరేషన్ సేసినారు,” అన్నాడు. గొంతు తడారిపోయింది.

సంగతి అర్థమయింది. ముందున్న టీ దుకాణం దగ్గర కారు ఆపించాను. ఇంటికి ఫోను చెయ్యమంటే సెల్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు గాని చెయ్యడు. చేస్తే వినవలసివస్తుందని భయం.

“సరే, ముందు ఒక లెక్క చూద్దాం. ఆ వెలుగు బాగా ఉన్నప్పుడు నేలకు ఎంత ఎత్తున ఉంది? చెయ్యి చాపి పిడికిలితో కొలిచి చూపించు,” అన్నాను.

అతను ఒకటిన్నర పిడికిలి చూపించాడు. చాపిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. అంటే ఇది 15 డిగ్రీలు. ఉల్కలు సాధారణంగా నేలకు 100 కిలోమీటర్ల ఎత్తున వెలగనారంభిస్తాయి. 80 అనుకున్నా, అంత పైనున్నది 15 డిగ్రీల ఎత్తున కనిపించాలంటే మనకు 300 కిలోమీటర్ల దూరాన ఉండాలి. మా ఎడమవైపు తూర్పు. ఆ దిక్కున వంద కిలోమీటర్లలోపే సముద్రం వచ్చేస్తుంది.

“తోపు వెనక కాదోయ్, బంగాళాఖాతం మీద,” అన్నాను.

“మరంత దగ్గిరగా అగుపించినాదేటండి?”

“ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో నీకు తెలుస్తుంది. లారీ ఎంతుంటుందో ముందే తెలుసు గనక. ఆకాశంలో వెలిగిన దాని కొలత తెలియదు. కొలత తెలియనప్పుడు కన్ను దాన్ని దగ్గరగా ఉన్న చెట్టుకో కొండకో అంటగడుతుంది. ఇంకోటి విను. అంత ఎత్తున వెలిగినది, మబ్బు అడ్డం లేకపోతే, వెయ్యి కిలోమీటర్ల దాకా కనిపించవచ్చు. ఒడిశాలో చూసినవాళ్ళుంటారు, గోదావరి ఒడ్డున చూసినవాళ్ళుంటారు. అది ఒక్క మీ ఇంటి కబురెలా అవుతుంది?”

కాసేపు ఆలోచించాడు. టీ తాగాడు. ఫోను చేశాడు. తల్లి పలికింది. తండ్రి జావ తాగి పడుకున్నాడట. ఆ కబురు మరోలా ఉన్నా నా లెక్క మారేది కాదు. కాని ఏ కబురైనా వినడానికి కొడుకు క్షేమంగా చేరాలి కదా!

ఇంతకీ రాలింది చుక్క కాదు. చుక్కలు మన సూర్యుడి వంటివి. ఒక్కటి దగ్గరికి వచ్చినా చూడటానికి మనం మిగలం. రాలేది రాయి. మామూలుగా కనిపించే ఉల్క ఇసుక రేణువంతే ఉంటుంది. రాత్రిని పగలు చేసేది పిడికెడో, అంతకంటె పెద్దదో. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చిపడుతుంది. నిదానంగా వచ్చినదైనా బొబ్బిలి నుంచి విజయనగరానికి అయిదారు సెకన్లలో చేరగలదు. ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. సైకిలు పంపు గట్టిగా కొడితే అడుగున కాలినట్టే, నొక్కుకుపోయిన గాలి కాగిపోతుంది. రాతి పైభాగం ఆవిరై వెలుగుతుంది. ఆ ఆవిరిలోని మెగ్నీషియం వంటి లోహాలు ఆకుపచ్చ రంగు తెస్తాయి. ఏమైనా మిగిలితే, ఆ ముక్క ఇంకా 20 కిలోమీటర్ల పైన ఉండగానే వేగం తగ్గి ఆరిపోతుంది. ఆపైన చీకట్లోనే కిందికి దిగుతుంది. కనక మండుతూ తోపు వెనక పడే ప్రసక్తి లేదు. అలా దిగి దొరికేవి అరుదు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో 1870లో పడిన ఇనుప ముక్క ఒకటి ‘నెడగొల్ల’ అనే పేరుతో ఉల్కల జాబితాలో ఉంది.

అలాగని కళ్ళారా చూసినవాడి మాట కొట్టిపారెయ్యకూడదు. ఆకాశం నుంచి రాళ్ళు పడతాయంటే ఒకప్పుడు పండితులు నవ్వేవారు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని లేగ్ల్ అనే ఊరి పరిసరాల్లో వేలకొద్దీ రాళ్ళు పడ్డాయి. బియో అనే శాస్త్రజ్ఞుడు ఊరూరా తిరిగి పల్లెవాళ్ళను అడిగి రాసుకున్నాక ఆ నవ్వులు ఆగాయి. చూసినవాడు దూరం సరిగ్గా చెప్పలేకపోవచ్చు, దిక్కు మాత్రం చెప్పగలడు. రెండు ఊళ్ళవాళ్ళు చెప్పిన దిక్కులు ఎక్కడ కలుస్తాయో చూస్తే చోటు తెలిసిపోతుంది.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి 30 కిలోమీటర్ల ఎత్తున పేలినప్పుడు, కార్లలో అమర్చుకున్న కెమెరాల బొమ్మలు పోల్చే దాని దారి లెక్కగట్టారు. ఆ వేళ ఇంకో పాఠం కూడా తేలింది. వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. రెండు నిమిషాలు దాటాక పేలుడు తాకిడి వచ్చి అద్దాలు బద్దలయ్యాయి. గాయపడినవారు 1,500 మంది దాకా. ఎక్కువమందికి తగిలింది రాయి కాదు, గాజుపెంకులు. మెరుపు వెనక ఉరుము వస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇదీ అంతే.

ఆకాశంలో మండేదల్లా ఉల్కా కాదు. సెకన్లలో ఆరిపోక, ముక్కలు ముక్కలుగా నిమిషం పాటు నెమ్మదిగా సాగితే అది మనిషి పంపిన వస్తువే అనుకోవచ్చు. 2022 ఏప్రిల్ 2న, ఉగాది రాత్రి, మహారాష్ట్రలో అలాంటిదే కనిపించింది. చంద్రపూర్ జిల్లాలో ఒక పల్లెలో పెద్ద లోహపు వలయం పడింది. అది చైనా రాకెట్టు శకలమని నిపుణులు తేల్చారు.

కాబట్టి రాత్రిపూట బండి నడిపేవారికి ఒక మనవి. అలాంటి వెలుగు కనిపిస్తే బెదిరిపోకండి, వేగం పెంచకండి. మెల్లగా పక్కకు తీసి ఆపి, గడియారం చూడండి. ఎటు నుంచి ఎటు పోయింది, ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉంది, ఎన్ని సెకన్లుంది అన్నవి రాసిపెట్టుకోండి. వెలుగు మరీ పెద్దదయితే కాసేపు అద్దాలకు దూరంగా ఉండండి. ఇంటికి ఫోను చెయ్యాలనిపిస్తే, అదీ బండి ఆపే చెయ్యండి.