మా బండియిల్లు

మా వారు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, లబ్బకు నగరమునకు దాపుననున్న యొక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. మేము తెలుగుదేశము విడిచివచ్చి ఆరు సంవత్సరములైనది. వచ్చిన రెండవ యేట మేమొక చిన్న ప్రయాణపు బండిని కొంటిమి. ఇచ్చటివారు దీనిని ట్రావెల్ ట్రెయిలరందురు. దానిని కొనుట యెంత సులభమో, నిలుపుకొనుట యెంత కష్టమో మీకు విన్నవింపవలెనని చాల దినములనుండి మా కోరిక. బండి యనగానే యిది పురుషుల విషయమని పుట త్రిప్పవలదు. ఇందులో సగము వంటిల్లే.

ఈ బండికి స్వంత యంత్రము లేదు. కారు వెనుక నొక ఇనుప గుండును బిగించి, దానికి బండి మెడను తగిలించి లాగుకొనిపోవుదురు. మాది పదునారడుగుల పొడవు గలది. ఒక వృద్ధ దంపతులు వాడి విడిచినది. అందులో రెండు మంటల గ్యాసు పొయ్యి, అంట్లు తోముకొను తొట్టి, చిన్న ఫ్రిజ్జు, ఇరువురు పండుకొను మంచము, రాత్రివేళ పడకగా మారు బల్ల, బీరువా యంత స్నానపుగది కలవు. మా వంటి జీతగాండ్రకు హోటళ్లలో దిగుచు దేశము చూచుట శక్యము కాదు. అదియునుగాక, శాకాహారులమగు మాకు దారి పొడవున దొరకునది చాల తావుల వేయించిన బంగాళాదుంపలే. ఈ బండ్లలో మిక్కిలి పేరొందిన ఎయిర్‌స్ట్రీము కంపెనీని 1931లో స్థాపించిన వాలీ బయామ్ గారి భార్య, వంటిల్లు లేనిదే గుడారపు ప్రయాణమునకు రానని పట్టుపట్టెననియు, అందువలననే ఆయన బండి కట్ట మొదలిడెననియు చెప్పుదురు. ఆ యిల్లాలియందు మాకు మిక్కిలి గౌరవము.

మా తాతగారికి గూడుబండి యుండెడిది. తిరునాళ్లకు పోవునప్పుడు బియ్యము, పప్పు, ఊరగాయ జాడీలు గడ్డిలో అదిమి పెట్టుకొని, ఏ చెరువుగట్టుననో బండి విడిచి మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొనెడివారము. పయనమునకు ముందునాడు ఆయన దగ్గరుండి చక్రము లూడదీయించి ఇరుసులకు కందెన పెట్టించెడివారు. మమ్ములను బడికంపక ఇంట కూర్చుండబెట్టి ప్రబంధములు చెప్పినవారును ఆయనయే. ఆ రెండు విద్యలును టెక్సాసులో నొక్కచోట పనికివచ్చునని అప్పుడెవరనుకొనిరి?

మొదటి రెండేండ్లును మా వారి సెలవులన్నియు బండిని బాగుచేయుటతోడనే సరిపోయెను. బాగుచేయుట యనగా వారి యుద్దేశములో క్రొత్త వస్తువులను చేర్చుట. పాత దీపములు ఒక్కొక్కటి 18 వాట్లు త్రాగుచుండగా వానిని తీసివేసి రెండు మూడు వాట్ల ఎల్.ఇ.డి. దీపములు పెట్టిరి. ఇది మెచ్చవలసిన పనియే. పిదప బ్యాటరీ. సీసపు బ్యాటరీ 100 ఆంపియర్-గంటలదైనను అందు సగమునకు మించి వాడినచో త్వరగా చెడును. చలికాలపు రాత్రి కొలిమి పంకాయే ఆ సగమును తినివేయుచుండెను. లిథియము బ్యాటరీయైనచో దాదాపు మొత్తము వాడుకొనవచ్చును, బరువును సగమే. అయితే గడ్డకట్టు చలిలో దానికి విద్యుత్తు నెక్కింపరాదు; పాత చార్జరు దానికి సరిపడదు. ఈ రెండు సంగతులును బ్యాటరీ కొన్న తరువాత తెలిసినవి గనుక చార్జరును కొంటిమి. చార్జరు కొన్నపిదప దానికి తోడు సూర్యరశ్మి పలకలు లేకున్న నెట్లని అవియును రెండు కొంటిమి. సంసారమున నొక క్రొత్త పాత్ర వచ్చినచో దానికొక మూత, మూతకొక గరిటె వలెనన్నట్లు!

ఆ పలకలను బిగించుటకై మా వారు బండి కప్పునకు ఎనిమిది రంధ్రములు పొడిచిరి. ఏడాదికి 20 అంగుళముల వానయు కురియని నేల ఇది; కప్పు సంగతి యెవరికి పట్టును? చేతనున్న సిలికాను ముద్దను మేకుల చుట్టు పూసి దిగివచ్చిరి. ఈ బండ్ల కప్పునకు పూయు లేపము వేరుగా నున్నది. సిలికాను రబ్బరు కప్పును నిలుకడగా పట్టుకొనదు. అది యొకమారు పూసిన చోట మరియే లేపమును అంటదు. మనుచరిత్రమున ప్రవరునికి సిద్ధుడిచ్చిన పాదలేపము హిమగిరి మంచునకు కరగిపోగా ఆ బ్రాహ్మణుడు ఇల్లు చేరలేక చిక్కుపడెను గదా. మా లేపమును అట్టిదే యయ్యెను.

మొదట తెలిసినది వాసన. మంచము క్రింది అరలో మేము బియ్యపు సంచియు, ఊరగాయ సీసాలును ఉంచెదము. ఒకనాడు అర తెరువగా, ముసురు దినములలో తడిబట్టలు మూటకట్టి మరచినప్పటి కంపు కొట్టెను. మా వారితో చెప్పితిమి. “అది నీ ఇంగువ వాసన” అనిరి. మేమూరకుంటిమి. ఇంగువకును బూజునకును భేద మెరుగని ఆడుది లేదు, ఐనను ఊరకుంటిమి. ఆ మౌనమునకు ఎనిమిది నెలల నీరు మూల్యమైనది.

ఇంతలో నవంబరులో మా అత్తగారు ఇండియానుండి వచ్చిరి. ఆరు నెలలు మాత్రమే ఉండుటకు అనుమతి. మోకాళ్ల నొప్పులవలన ఎక్కువ నడువలేరు, బయటి వంట ముట్టరు. మార్చి సెలవులలో బండిలో తీసికొనిపోయి పాలోడ్యూరో లోయ చూపెదమని మేము ఫోనులో రెండేండ్లుగా చెప్పుచుండిన మాట. డిసెంబరులో బండి తెరచి సర్దుచుండగా మా అబ్బాయి మంచముమీదినుండి దుమికి, “అమ్మా, ఇక్కడ నేల ఇడ్లీలాగున్నది” అనెను. వ్రేలితో నొత్తితిమి. వ్రేలు దిగినది.

గోడ లోపలి పలుచని చెక్కను లాగి చూడగా, పైకప్పునుండి క్రిందివరకు మూలనున్న కర్రలన్నియు నల్లబడి, చేత పట్టిన పొడియగుచుండెను. బాగుచేయువారి నొకరిని అడిగితిమి. మేము బండి కొన్న ధరకంటె హెచ్చు చెప్పిరి. తెలిసినవారొకరు సులభోపాయమొకటి చెప్పిరి: పైన క్రొత్త వినైలు షీటు పరచి, గోడకు రంగు వేసి, మాటలాడక అమ్మివేయుడని. ఆ రాత్రి మా వారు లెక్కల కాగితము ముందిడుకొని చాలసేపు కూర్చుండిరి. వారు చెడ్డవారు కారు. జీతము చిన్నది, అప్పటికే బ్యాటరీకి, పలకలకు చాల వ్యయమైనది. “కొన్నవారు మాత్రము చూచుకొనరా?” అనిరి. “మనము చూచుకొంటిమా? ఆ మంచముమీద వారి బిడ్డ పండుకొనును” అంటిమి. మాకును వారికిని పెండ్లియైనది మొదలు అంత కటువైన మాట నడుమ రాలేదు. ప్రక్కగదిలో అత్తగారు మేలుకొనియే యుండిరని దగ్గువలన తెలిసినది. తెల్లవారి ఆమె యేమియు ననలేదు. మా వారు మాత్రము సుత్తి, రంపము తీసికొని బయటికి పోయిరి.

క్రిస్మసు సెలవులన్నియు ఆ పనియే. కుళ్లిన చెక్కను కోసివేసి, అయిదు దినములు పంకా పెట్టి ఆరబెట్టితిమి. చెక్కకు రెండు సూదులు గ్రుచ్చి తేమ చూచు చిన్న యంత్రముండును; అది నూటికి 15 పాళ్లకు తక్కువ చూపువరకు మూయరాదు. పిదప క్రొత్త కర్రలను పాతవాని ప్రక్క చేర్చి బిగించి, నేలకు క్రొత్త పలక వేసితిమి. కప్పుపైనున్న సిలికానును ప్లాస్టికు కత్తితో గీకుటకే రెండు దినములు పట్టెను. మేకుల క్రింద బ్యూటైలు పట్టీ వేసి, పైన తనంతట పరచుకొను కప్పు లేపమును పోసితిమి. చీరతో నిచ్చెన యెక్కరాదు గనుక మా వారి పాత లాగు తొడుగుకొనవలసి వచ్చినది. అత్తగారు చూచి నవ్వి లోపలికి పోయిరి. ఇప్పుడు మూడు నెలలకొకమారు కప్పు చూచుట మా పని. లేపము పగిలినచో కంటికి కనబడును. కనబడినది ఆనాడే పూడ్చినచో సోలెడు ఖర్చు, మరునాటికి తూమెడు.

కప్పు చూచినవారము క్రిందును చూడవలెనని చక్రముల కడకు పోయితిమి. టైర్లు క్రొత్తవానివలె నిగనిగలాడుచుండెను. వాని ప్రక్కను అచ్చువేసిన అంకెలలో చివరి నాలుగు పుట్టుక తెలుపును: మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. మావానిపై 2316 అని యుండెను, అనగా 2016వ సంవత్సరపు 23వ వారము. ఈ బండ్లు తిరుగుటకంటె నిలిచియుండుటే యెక్కువ; అరుగకయే రబ్బరు ముదియును. అయిదారేండ్లకు మార్చవలెనట. మార్చితిమి. సామాను సర్దుటలోను నేర్చుకొనవలసినది కలదు: మొత్తము బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్లు బండి మెడపై మోపవలెను, వెనుక బరువెక్కువైనచో బండి పామువలె మెలికలు తిరిగి కారును సయితము ఈడ్చును. కావున బియ్యపు సంచి, పప్పుల డబ్బాలు ఇప్పుడు ముందుభాగముననే. గ్యాసు గాలికంటె బరువైనది గనుక దానిని పసిగట్టు గంట నేలకు దగ్గరగా నుండవలెను. దానిని, బొగ్గుపొగ విషమును తెలుపు గంటను ప్రతి పయనమునకు ముందు నొక్కి చూచెదము.

మార్చిలో బయలుదేరితిమి. పాలోడ్యూరో మాకు రెండు మూడు గంటల దారి. సమతలమగు బయలు, ఎచ్చటను గుట్టయైనను లేదు. హఠాత్తుగా నేల విచ్చుకొని ఎర్రని లోయ కనబడును. 1934లో దీనిని ప్రజల కొరకు ఉద్యానవనముగా తెరచిరి. లోయలోనికి దిగు బాట నిటారైనది. మా వారు చిన్న గేరులో మెల్లమెల్లగా దింపిరి. అత్తగారు బండి మెట్టుమీదనే కూర్చుండి సాయంకాలపు ఎండలో ఆ కొండచరియల రంగులు మారుట చూచిరి. రాత్రి పప్పుచారు, అప్పడములు.

నడిరేయి ఉరుములు, వాన. అత్తగారి పడక సరిగా ఆ బాగుచేసిన మూలనే. ఆమె గాఢముగా నిద్రించుచుండిరి. మేము లేచి చీకటిలో గోడ పొడవున అరచేయి యానించి చూచితిమి. మరికొంతసేపటికి మరల చూచితిమి. మూడవమారు చేయి చాపగా అక్కడ నింకొక చేయి తగిలినది. మా వారును మేలుకొనియే యున్నారు. పొడిగా నున్నది.

తెల్లవారి వాన వెలసినది. అత్తగారు కాఫీ కలిపి, గ్లాసు చేత పట్టుకొని బండి చుట్టును తిరిగి, చక్రము ముందు నిలిచిరి.

“ఒరే అబ్బాయీ, ఇరుసుకి కందెన పెట్టించావుటరా?”

ఏడాదికొకమారు చక్రము విప్పి, బేరింగులను కడిగి, క్రొత్త గ్రీజును అరచేతిలో నుంచుకొని రోలర్ల సందులలోనికి దూరునట్లు ఒత్తవలెను. క్రొత్త టైర్లు వేసిననాడే ఆ పని మేము చేసితిమి. మా వారు మా వంక చూచి, “నీ కోడలే పెట్టిందమ్మా” అనిరి.

అత్తగారు మా చేతులవంక చూచి, తమ గ్లాసులోని కాఫీలో సగము మా గ్లాసులో పోసిరి.